సినిమావాళ్ళు వేసిన సున్నపు సిలువ

ఎర్మెలిందాకు కోపం వస్తే గుండిగ కింద మంట అక్కర్లేదు, దానంతట అదే ఉడుకుతుందని లా లాదేరా పేటలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది మకారియా. ఎర్మెలిందాకు పక్కింటి మనిషి, ఆమె కొడుక్కి జ్ఞానస్నానం నాడు తల్లిగా నిలబడ్డ మనిషి, ఆ వరసన వదిన. అయినా సరే, ఆ మాట చెవిన పడిన వారమంతా ఎర్మెలిందా ఆమెకు పచ్చడి లేకుండానే తమాలు పెట్టింది. మొక్కజొన్న పొత్తి ఆకులో చుట్టి ఆవిరి పట్టిన ఆ పిండిముద్దను పచ్చడి లేకుండా మింగాలంటే బంకమట్టి మింగినట్టే. మకారియా కిక్కురుమనకుండా మింగింది.

మెక్సికో నగరం తూర్పు కొండల మీదికి పాకి పాకి, ఇక పాకే ఓపిక లేక ఆగిపోయిన చోట ఉంది ఆ పేట. మినీబస్సులు కూడా అక్కడే ఆగిపోతాయి. ఆ ఆఖరి స్టాపు మూలమీద, మూడు చక్రాల బండి మీద, తెల్లవారకముందే ఎర్మెలిందా గుండిగ పొగలు కక్కుతుంటుంది. డ్రైవర్లు, తాపీ పనివాళ్ళు, ఇళ్ళల్లో పనికిపోయే ఆడవాళ్ళు అందరూ ఆ ఆవిరిలో చేతులు కాచుకున్నాకే కొండ దిగుతారు. ఎవరింట్లో ఎవరు అలిగారో, ఎవరి కూతురు ఎవరి మోటారుసైకిలెక్కిందో అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

ఎర్మెలిందా కొడుకు ఉలీసెస్ కూడా ఆ స్టాపులోనే మినీబస్సు డ్రైవరు. పొడుగరి, నవ్వితే ఒక బుగ్గకే సొట్ట పడుతుంది. నాలుగేళ్ళ కిందట ఒక వానరోజు ఆఖరి ట్రిప్పుకు వెళ్ళాడు. బండి పాత హైవే పక్కన దొరికింది. లైట్లు వెలుగుతున్నాయి, తాళంచెవి బండికే ఉంది, పాట కూడా మోగుతూనే ఉంది. ఉలీసెస్ మాత్రం లేడు. ఠాణాలో కుర్చీలోంచి లేవకుండానే "ఏ పిల్లతోనో పోయుంటాడులే అమ్మా" అన్నారు. ఆమె ఆ బల్లమీదున్న కాఫీ కప్పు ఎత్తి కాగితాల మీద కుమ్మరించి వచ్చేసింది.

ఇలా మాయమైన పిల్లల తల్లులు ఆ దేశంలో లెక్కకు మించి ఉన్నారు. వాళ్ళందరిదీ ఒకటే పట్టు: ప్రాణంతో తీసుకుపోయారు, ప్రాణంతోనే తెచ్చివ్వాలి. శవం చూపించేదాకా జపం చెప్పించరు, నేలమీద సున్నపు సిలువ వేయించరు. వాళ్ళలో కొందరు ఇనుప చువ్వలు పట్టుకుని బీళ్ళలో నేల పొడుస్తూ తిరుగుతారు. ఎర్మెలిందా వాళ్ళకు తమాలు కట్టిస్తుంది గానీ వాళ్ళతో పోదు. "నా కొడుకు నేలమీదున్నాడు, కింద వెతకడమేంటి" అంటుంది. ఆసుపత్రులు తిరుగుతుంది, జైళ్ళ వాకిళ్ళలో నిలబడుతుంది. నెలనెలా పేటలోని గోడలన్నిటికీ కొడుకు బొమ్మ అతికిస్తుంది. పైన 'కనబడుటలేదు' అని, కింద ఫోను నంబరు.

పేట మాత్రం లోలోపల ఎప్పుడో వాణ్ణి పూడ్చిపెట్టేసింది. ఆమె ముందు ఎవరూ అనరు, అంతే. ఒక్కసారి సొంత చెల్లెలు ఒబ్దూలియా అంది. నోటితో కాదు, చేత్తో. చనిపోయినవాళ్ళ పండక్కి ఇంట్లో పీఠం కట్టి, బంతిపూల మధ్య అమ్మానాన్నల ఫోటోల పక్కన ఉలీసెస్ ఫోటో కూడా పెట్టింది. ఎర్మెలిందా వచ్చింది, చూసింది, ఫోటో తీసి కొంగులో పెట్టుకుంది. పోతూ పోతూ పీఠం మీది రొట్టె కూడా తీసుకుపోయింది. "వాడికోసం పెట్టిన రొట్టె వాడింట్లోనే ఉంటుంది" అంది. అక్కాచెల్లెళ్ళ మధ్య అదే ఆఖరి మాట. రెండు గుమ్మాల దూరంలో ఉంటూ రెండేళ్ళుగా ఒకరి నీడ ఒకరు తొక్కడం లేదు.

అలాంటి పేటకు సినిమావాళ్ళు వచ్చారు.

పొడుగాటి వ్యాన్లు, తాళ్ళు, లైట్లు, పరుపులు. కథ మినీబస్సు డ్రైవరుదేనట. గూండాలు తమ్ముణ్ణి చంపితే అన్న ఒక్కొక్కణ్ణి వెతికి పట్టుకుంటాడు, మధ్యలో బస్సులు ఎగురుతాయి, మేడలమీద పరుగులు. దర్శకుడు లెయాంద్రో అని, నలభై దాటని మనిషి, గొంతెత్తని మనిషి, ఎండలో కూడా మెడకు గుడ్డ చుట్టుకుంటాడు. అతని మాటను అరుపుగా మార్చే పని రెనాతాది. సహాయ దర్శకురాలు, చెవికి తీగ, చేతిలో రేడియో, పొద్దున్నించీ పరుగే.

పేటంతా పండగలా ఉంది. హీరో మేడమీంచి బస్సు మీదికి దూకే సీను చూడ్డానికి జనం గోడలెక్కారు. దూకింది హీరో కాదు, అదే చొక్కా తొడుక్కున్న ఇంకొకడు. పడింది బస్సు మీద కాదు, ఖాళీ అట్టపెట్టెల గుట్ట మీద. వాడు కుంటుకుంటూ లేచి పోయాక హీరో వచ్చి నిలబడితే ఒకమ్మాయి సీసాతో ముఖం మీద నీళ్ళు చిమ్మింది.

"దూకేదొకడు, చెమట పట్టేదింకొకడికి" అంది మకారియా. "అదీ సీసాలోంచి. మా ఆయనదీ ఇదే ఉద్యోగం, పని నాది, ఆయాసం ఆయనది."

ఎర్మెలిందా కూడా నవ్వింది. ఆ రోజుల్లో ఆమె కొంచెం కుదుటపడ్డట్టే కనిపించింది. యూనిట్ మొత్తానికి పొద్దున తమాలు, మొక్కజొన్న జావ ఆమెవే. లెయాంద్రో రోజూ స్వయంగా వచ్చి నిలబడి తినేవాడు. "మా అమ్మమ్మ చేసినట్టే ఉందమ్మా" అనేవాడు. "అమ్మమ్మలందరూ ఒకేలా చేస్తే నా దగ్గరికెందుకు రావడం" అని ఇంకొంచెం పచ్చడి వేసేది.

ఒకరోజు పొద్దున ఆమె బండి తోసుకుంటూ వచ్చేసరికి వీధి కొత్తగా ఉంది. ఏం కొత్తో ముందు తట్టలేదు. తర్వాత తట్టింది. గోడలు బోసిగా ఉన్నాయి. ఉలీసెస్ ఒక్క గోడమీదా లేడు. నేలమీద గీకిన కాగితం తుక్కు, అందులో ఒకచోట సగం బుగ్గ.

ఆ పొద్దు సినిమావాళ్ళెవరికీ తమాలు దొరకలేదు. రెనాతా పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, నిజం మనుషుల ముఖాలు, ఫోను నంబర్లు సినిమాలో కనబడకూడదమ్మా. కేసులవుతాయి. అందుకే గోడలు శుభ్రం చేయించాం."

"శుభ్రమా? నా కొడుకేమన్నా ఎవరో ఉమ్మిన మరకా?"

"అలా కాదమ్మా. షూటింగ్ అయిపోయిన రోజే కొత్తవి అచ్చువేయించి మేమే అతికిస్తాం. ఇప్పుడున్న వాటికన్నా పెద్దవి. నాది పూచీ."

ఆ పిల్ల ముఖం నిజాయితీగానే ఉంది. పైగా పెద్దవి అంది. ఎర్మెలిందా చాలాసేపు ఆమెను నఖశిఖ పర్యంతం చూసి గుండిగ మూత తీసింది. ఆ రోజు మూత తీసినందుకు తర్వాత తనను తాను ఎన్ని తిట్టుకుందో లెక్కలేదు.

గోడలు గీకించే పని అలంకరణ విభాగంలో ఒక గడ్డం మనిషిది. సెట్టుకు కావలసిన కుర్చీలూ పటాలూ సమకూర్చేది కూడా అతనే. హీరో తమ్ముడు చచ్చాక జరిగే తొమ్మిది రోజుల జపం సీనుకు ఒక ఫోటో కావాలి. ఏజెన్సీ నుంచి వచ్చిన ఫోటోలో కుర్రాడు మరీ షోకుగా ఉన్నాడని లెయాంద్రో తిరగ్గొట్టాడు, "ఈ పేట ముఖం కావాలి" అన్నాడు. గడ్డం మనిషి గీకుతుంటే ఒక గోడమీద కాగితం చిరగకుండా ఊడొచ్చింది. పొడుగరి కుర్రాడు, బుగ్గన సొట్ట. పైన అక్షరాలు కత్తిరించాడు, కింద నంబరు కత్తిరించాడు, చట్రంలో బిగించి మూలకు నల్ల రిబ్బను కట్టాడు. తీరిపోయింది.

జపం సీను మకారియా ఇంటి పెరట్లో. పేటలో ఎవరు పోయినా జపం చెప్పేది చోనా ముసలమ్మే కనుక సినిమాలోనూ చోనానే పెట్టారు. ఏడవడానికి పేట ఆడవాళ్ళనే కూర్చోబెట్టారు. నేలమీద తెల్ల సున్నంతో సిలువ వేశారు, చుట్టూ బంతిరేకులు, కొవ్వొత్తులు, సిలువ తలవైపు పీఠం, పీఠం మీద పటం. చోనా వచ్చింది. పటం చూసింది. మోకాళ్ళ మీద కూర్చుంది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇక్కడే జరిగింది ఆ పేటవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. అక్కడ పంతం ఎక్కువ. ముందు గుమ్మంలోంచి ఒప్పుకోలేని పనిని పక్క గుమ్మంలోంచి చేస్తారు. మకారియా మొగుడు పెళ్ళాం మాటమీద తాగుడు మానలేదు, డాక్టరు కడుపునొప్పికి మానమన్నాడని అబద్ధమాడి మానేశాడు. అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. అలాగే ఎర్మెలిందా కూడా, తన నోటితో కొడుకు పోయాడని అనలేక, సినిమా పేరు చెప్పి వాడికి జపం చెప్పించుకుంటోందని అందరూ అనుకున్నారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగితే ఆవిడ పరువు పోతుంది కదా. అంత సున్నితంగా, అంత ప్రేమగా, అందరూ కలిసి వాణ్ణి చంపేశారు.

రెనాతా రాసిచ్చిన పేరు వేరే. ఆ పేరు దగ్గరికొచ్చేసరికి చోనా కళ్ళు మూసుకుని "నీ దాసుడు ఉలీసెస్‌కు నిత్య విశ్రాంతి దయచేయి తండ్రీ" అంది. ఆడవాళ్ళు గొంతు కలిపారు. నాలుగేళ్ళుగా బిగబట్టిన ఏడుపులన్నీ ఒక్కసారి తెగాయి. వెనక వరసలో కూర్చున్న ఒబ్దూలియా నేలమీదికి ఒరిగిపోయింది. కెమెరా ఆమె దగ్గరికి జరిగింది. లెయాంద్రో కట్ చెప్పలేదు. చెప్పినప్పుడు అతని కళ్ళూ తడిగా ఉన్నాయట. "ఇన్నేళ్ళలో ఇలాంటి టేకు రాలేదు" అన్నాడట. పేరు తప్పు పలికారని ఎవరో అంటే, "ఆ పేరే ఉంచండి, అదే బాగుంది" అన్నాడట.

జపం అయ్యాక జావ పోయడం ఆనవాయితీ. సినిమా జపమైనా జావ నిజందే. ఎర్మెలిందా జావ కుండతో పెరటి గుమ్మంలోకి వచ్చేసరికి మకారియా ఎదురొచ్చి గట్టిగా కావలించుకుంది.

"మంచి పని చేశావు వదినా. ఇకనన్నా నిద్రపో."

"కుండ ఒలికిపోద్ది, వదులు. ఏం మంచి పని?"

"ఏం లేదులే. నువ్వు చెప్పొద్దు, నేనడగను."

ఇంకొకామె చెయ్యి పట్టుకుంది. ఇంకొకామె, పెద్దావిడను గౌరవంగా పిలిచే పిలుపుతో, "బిడ్డ దారి చల్లగా ఉంటుంది దోన్యా" అంది. ఎర్మెలిందా ఆ కళ్ళన్నీ చూసింది, ఎర్రగా వాచి ఉన్నాయి. సినిమా ఏడుపు ఇలా ఉండదని ఆమెకు తెలుసు. వాళ్ళ భుజాల మీదుగా పీఠం వైపు చూసింది.

కుండ ఆమె చేతుల్లోంచి పడలేదు. దాన్ని మెల్లగా, ఒక్క చుక్క ఒలక్కుండా నేలమీద పెట్టింది. అది చూసి మకారియా ఒక అడుగు వెనక్కి వేసింది. ఎర్మెలిందా వస్తువులు విసిరేస్తే ఫర్వాలేదు. మెల్లగా పెడితేనే భయం.

పీఠం దగ్గరికి నడిచింది. చట్రం వెనక మేకులు తీసి ఫోటో బయటికి లాగింది. రిబ్బను ఊడదీసి కొవ్వొత్తి మంటలో పెట్టింది. అది ముడుచుకుపోయి కంపు కొట్టింది.

"ఎవరు చెప్పారు పేరు?"

ఒకామె ఒరిగిన కొవ్వొత్తిని సరిచేసింది.

"ఎవరు చెప్పారు నా కొడుకు పేరు?"

"నేనే" అంది చోనా. ఆమె ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. "నువ్వే ఇచ్చావనుకున్నాం తల్లీ."

"నేనా. పొద్దున్నే నా చేతి తిండి తినేవాళ్ళు, నన్నొక్క మాట అడగలేకపోయారు. ఏ రంగు చీపురు కొన్నానో అడుగుతారు. తమాలులో మిరపకాయ మార్చానేమని అడుగుతారు. నా కొడుకు చచ్చాడా అని మాత్రం అడగరు. మీలో మీరే తేల్చేసుకుని ఏడ్చేశారు."

"నీ పరువు కాపాడదామని..." అంది మకారియా.

"నా పరువు మీ పెరట్లో వద్దు."

లెయాంద్రో వచ్చాడు. గడ్డం మనిషి అతని వెనక నిలబడ్డాడు. ఫోటో ఎక్కడిదో నాలుగు మాటల్లోనే తేలిపోయింది. "నేను... ఏదో ఒక ముఖం అనుకున్నానమ్మా" అన్నాడు గడ్డం మనిషి. ఎర్మెలిందా అతని వైపు చూడనన్నా చూడలేదు.

"తప్పు మాదేనమ్మా. ఒప్పుకుంటున్నాను" అన్నాడు లెయాంద్రో.

"ఒప్పుకుని?"

"కంప్యూటర్లో ఆ ముఖం మార్చేస్తాం. ఇంకో ముఖం పెడతాం."

"చోనా నోట్లో పేరు?"

"అదీ మార్చొచ్చు."

"వీళ్ళ ఏడుపు? అది ఎవరికోసమో కూడా మీ కంప్యూటరు మారుస్తుందా? అది నా కొడుక్కి ఏడ్చిన ఏడుపు. ఊరూరా హాల్లో కూర్చుని చూస్తారు. తీసేయండి."

అతను తల దించుకున్నాడు. నిజంగానే బాధపడ్డట్టున్నాడు. అందుకే ఆ తర్వాతి మాట అన్నాడు, మంచివాళ్ళే అనగలిగే మాట.

"ఆ సీను సినిమాకు ప్రాణం అమ్మా. దాన్ని ఉంచనివ్వండి. సినిమా చివర్లో తెర మొత్తం నల్లగా చేసి ఆ అబ్బాయి పేరు వేస్తాను. ఉలీసెస్ జ్ఞాపకార్థం అని. లక్షలమంది చదువుతారు."

"మీ అమ్మ ఉందా బాబూ?"

"ఉందమ్మా."

"బాగుందా?"

"బాగానే ఉంది."

"అయితే ఆవిడ జ్ఞాపకార్థం వేసుకో. పెద్ద అక్షరాలతో వేసుకో."

ఆ మాటకు రెనాతా చెవిలోని తీగ పీకేసి పక్కకు తిరిగింది. లెయాంద్రోకు మాత్రం సాయంత్రం వెలుతురు దాటిపోతోంది. మినీబస్సు కొండమీంచి దూసుకొచ్చి మలుపులో గాల్లోకి లేచే షాటు ఆ వాలు ఎండలోనే తీయాలి. "రేపు మాట్లాడుకుందామమ్మా, నా మాట నమ్మండి" అని వీధిలోకి నడిచాడు.

ఎర్మెలిందా కూడా వీధిలోకే నడిచింది. మూలమీదున్న మూడు చక్రాల బండిని తోసుకుంటూ సరిగ్గా మలుపు మధ్యకు తెచ్చింది. గుండిగ ఎత్తి పెట్టింది. గ్యాస్ వెలిగించింది. పక్కనే బకెట్టు బోర్లించుకుని కూర్చుంది.

రేడియోల్లో గోల మొదలైంది. రెనాతా పరుగున వచ్చింది. "అమ్మా, పైన బస్సు రెడీగా ఉంది. గ్యాసు బండ ఉంది ఇక్కడ, పేలితే ఎలా?"

"మీ హీరో మంటల్లోంచి దూకుతాడుగా. దూకమను."

వీధి కాపలాకు పెట్టిన పోలీసు వచ్చాడు. రోజూ పొద్దున ఆమె దగ్గర తినేవాడే. చేతులు నలుపుకున్నాడు. "దోన్యా, పక్కకు జరగాలి. నా డ్యూటీ నేను..."

"నీ డ్యూటీ నాలుగేళ్ళ కిందట ఉండింది నాయనా. అప్పుడు చేయాల్సింది."

అతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, కిందివైపు నడిచిపోయాడు.

ఎండ పసుపు తిరిగింది. ఎర్మెలిందా ఎవరివైపూ చూడకుండా మంట తగ్గిస్తూ పెంచుతూ కూర్చుంది. నాలుగేళ్ళుగా ఎవరి మీద చూపాలో తెలియక దాచుకున్న కోపం అది. ఠాణా మీద చూపితే కుర్చీల్లో మనుషులు మారారు, హైవే మీద చూపితే హైవే పోయింది తన దారిన. ఇవాళ కోపానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, మెడకు గుడ్డ చుట్టుకుని.

పై గుమ్మం తలుపు తెరుచుకుంది. ఒబ్దూలియా ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. అక్క పక్కన కాదు, బండికి అవతలి వైపు వేసుకుంది. కూర్చుని చేతులు కట్టుకుంది. అక్కతో ఒక్క మాట లేదు. అక్క కూడా తల తిప్పలేదు.

తర్వాత మకారియా ముక్కాలిపీటతో వచ్చింది. "నేను ఏడ్చినదానికన్నా ఎక్కువే కూర్చుంటాను, సరేనా" అని గొణిగింది. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే. ఇందాక ఏడ్చిన ఆడవాళ్ళందరూ, ఎర్రకళ్ళతో, కుర్చీలతో, బుట్టలతో, ఒకామె చంకలో మనవడితో. వీధి మలుపు నిండిపోయింది. కొండమీద బస్సు ఇంజను ఒకసారి గుర్రుమని ఆగిపోయింది.

లెయాంద్రో గడియారం చూశాడు, ఆకాశం చూశాడు. ఆ ఆడవాళ్ళను చూశాడు. ఏడ్చేటప్పుడు కెమెరాలో దగ్గరగా చూసిన ఆ ముఖాలే, ఇప్పుడు అతనివైపే చూస్తున్నాయి. చివరికి వచ్చి ఎర్మెలిందా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తీసేస్తాను."

"నా కళ్ళముందు."

వ్యాన్లో చీకటిగా, చల్లగా ఉంది. తెరల ముందు ఒక చిన్నపిల్లలాంటి అమ్మాయి కూర్చుని ఉంది, టేకులన్నీ దాచే పని ఆమెది. మకారియా తోడొచ్చింది. తెరమీద బొమ్మ వచ్చింది. చోనా పెదవులు ఆ పేరు పలికాయి. ఒబ్దూలియా ఒరిగిపోయింది. తర్వాత కెమెరా పటం మీదికి వెళ్ళి ఆగింది. ఉలీసెస్ ముఖం కిటికీ అంత పెద్దగా. గోడమీద ఎప్పుడూ ఇంత పెద్దగా కనబడని సొట్ట కూడా స్పష్టంగా ఉంది. కొవ్వొత్తి వెలుగు కళ్ళలో కదులుతోంది.

మకారియా ఆమె మోచెయ్యి పట్టుకుంది. "వదినా... ఒక్క ముక్క ఉంచమందామా? నీకోసం."

"చెరిపెయ్యి" అంది ఎర్మెలిందా ఆ అమ్మాయితో. "చచ్చినవాడిలా దీపాలు పెట్టిన ముఖం నాకొద్దు. వాడు ఇంతకన్నా బాగుంటాడు."

తెర నల్లబడింది. ఆ అమ్మాయి లెయాంద్రో వైపు చూడకుండా, "ఇంకో కాపీ ఆ పెట్టెలో ఉందమ్మా. ఎప్పుడూ రెండుంటాయి" అంది. లెయాంద్రో పెదవి కొరుక్కున్నాడు. అదీ చెరిగింది. ఎర్మెలిందా అతనివైపు చూసింది. ఆ చూపు అతను బతికినన్నాళ్ళూ మరిచిపోడని మకారియా ఇప్పటికీ అంటుంది.

సీను సినిమాలోంచి పోయింది. కానీ పెరట్లో సిలువ ఇంకా ఉంది.

చోనా దాని పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. వీధిలోకి రాని ఒకే ఒక్క మనిషి ఆమె. తొమ్మిదోరోజు ఆ సున్నాన్ని ఎత్తి, డబ్బాలో పోసి, సమాధిలో పెడితేనే జపం పూర్తయినట్టు. అరవై ఏళ్ళుగా ఆ పేటలో ఏ సిలువనూ ఆమె సగంలో వదల్లేదు.

"బొమ్మ చెరుపుకున్నావు, మంచిదే" అంది. "అన్న మాట దేవుడికి చేరిపోయింది. వేసిన సిలువ లేపాల్సిందే. మధ్యలో వదిలేస్తే ఆ ప్రాణం అటూ ఇటూ కాకుండా తిరుగుతుంది తల్లీ."

"తిరగనీ. తిరిగి తిరిగి ఇంటికొస్తాడు."

"ఎర్మెలిందా..."

"లేపి ఎక్కడ పెడతావు చోనమ్మా? డబ్బాలో పోస్తావు. సరే. ఏ గోతిలో పెడతావు? చూపించు. నాకు నువ్వు గొయ్యి చూపించిన రోజు నేనే మోకాళ్ళ మీద కూర్చుని ఎత్తుతాను. చూపిస్తావా?"

చోనా సిలువ వైపు చూసి, పీట కొంచెం వెనక్కి జరుపుకుంది.

పెరటిగోడకు చీపురు ఆనించి ఉంది. ఎర్మెలిందా దాన్ని తీసుకుంది. ఆడవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. సున్నపు సిలువను తొక్కితేనే పిల్లల వీపు విమానం మోత మోగిస్తారు ఆ పేటలో. చీపురుతో ఊడ్చినవాళ్ళను పుట్టి ఎరుగరు. ఎవరో గుండెలమీద సిలువ గుర్తు వేసుకున్నారు.

తలవైపు నుంచి మొదలుపెట్టింది. బరబరా ఊడ్చింది. సిలువ చేతులు పోయాయి, నడుము పోయింది, బంతిరేకులూ సున్నమూ కలిసి తెల్లగా పచ్చగా లేచాయి. ఆమెకు దగ్గు వచ్చింది, ఆగలేదు. ఊడుస్తూనే తిట్టింది. ఠాణాను తిట్టింది, హైవేను తిట్టింది, మెడ గుడ్డను తిట్టింది, పేటను పేరుపేరునా తిట్టింది. ఆఖరికి "ఎక్కడ చచ్చావురా" అని కొడుకునూ తిట్టబోయి, ఆ మాట సగంలో ఉమ్మేసి, "ఎక్కడ కూర్చున్నావురా ఇన్నాళ్ళు" అంది. అక్కడ మాత్రం చీపురు ఆగింది.

తుక్కంతా ఒక కుప్ప అయింది. ఎత్తడానికి ఏమీ లేక అటూ ఇటూ చూసింది. చోనా కష్టంగా వంగి, గోడవార ఉన్న రేకు చేట తీసి, కుప్ప ముందు నేలకు ఆనించి పట్టుకుంది. ఎర్మెలిందా కుప్పను చేటలోకి తోసింది.

"దారిన పోయేవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరాలని ఒక జపం ఉంది" అంది చోనా, తల ఎత్తకుండానే. "అందులో చెప్తాను వాడి పేరు."

"రోజూ."

"రోజూ."

"చెప్పావో లేదో అడుగుతాను."

"నువ్వడక్కుండా ఎప్పుడున్నావులే."

ఎర్మెలిందా చేట తీసుకుని వీధిలోకి పోయి సున్నాన్ని మురిక్కాలవలో పోసింది. పెరటి గుమ్మంలో ఇందాకటి జావ కుండ అలాగే ఉంది, చల్లారి తొరకకట్టి. దాన్నీ మీద కుమ్మరించింది. వీధి చివర సినిమావాళ్ళు లైట్లు విప్పుకుంటున్నారు. వాళ్ళు ఇంకా రెండువారాలు ఉండాలి. రేపు పొద్దున వాళ్ళకు తమాలు ఉండవు, ఆ విషయం ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. గోడలు మాత్రం తెల్లారేలోగా నిండాలని ఆమె అప్పుడే అనుకుంది. పెద్దవి అచ్చువేయిస్తామన్న మాట ఎవరిక్కావాలి.

ఇంట్లో ఉన్న పాత పోస్టర్ల కట్ట తెచ్చి గుమ్మంలో విప్పుతుంటే మీద నీడ పడింది. ఒబ్దూలియా. చేతిలో మైదాపిండి పొట్లం.

"జిగురు నేను కాస్తాను" అంది.

ఎర్మెలిందా తల ఎత్తలేదు. రెండేళ్ళ మాటలన్నీ గొంతులో తోసుకున్నాయి, వాటిలో ఒక్కటీ మంచిది కాదు. కట్టకున్న తాడు పళ్ళతో తెంపింది.

"ఉండలు కట్టనివ్వకు" అంది.